సమ్మార్జనీ వ్యాఖ్య

అవతారిక

కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య రాసిన మల్లినాథ సూరిది మన మెదక్ జిల్లా కొల్చారం. ఆ వ్యాఖ్యకు ఆయన ‘సంజీవని’ అని పేరు పెట్టుకున్నాడు. చెడ్డ వ్యాఖ్యల విషమెక్కి కాళిదాసు వాక్కు మూర్ఛపోయిందట, ఈయన లేపాడట. నా పని అంతటిది కాదు. మా ఇంట్లో ఫ్రిజ్ తలుపు మీద, మామిడిపండు బొమ్మ అయస్కాంతం కింద, రూళ్ళ కాగితం ముక్క ఒకటి నెల రోజులుగా రెపరెపలాడుతోంది. ఇంటిల్లిపాదీ దాన్ని చదువుతారు, ఎవరికి వీలైన అర్థం వాళ్ళు తీసుకుంటారు. మూలం చిన్నదై తగవు పెద్దదైనప్పుడు వ్యాఖ్యాత కావలసి వస్తాడు. ముప్పై నాలుగేళ్ళు జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో పిల్లల చేత ప్రతిపదార్థాలు రాయించి, రిటైరై, కూకట్‌పల్లిలో కొడుకు ఇంట కాఫీ తాగుతూ కూర్చున్నవాణ్ణి నేనే కనక ఆ పని నా మీద పడింది. ఇందులో ముప్పాతిక వంతు మాపు కర్ర చేత్తో పట్టుకుని ఆలోచించింది. అందుకని దీనికి ‘సమ్మార్జని’ అని పేరు పెట్టాను. సమ్మార్జని అంటే చీపురు.

మూలకర్త్రి మా కోడలు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, మాట తక్కువ. అరమాత్ర కలిసొస్తే వ్యాకరణం వాళ్ళు కొడుకు పుట్టినంత పండగ చేసుకుంటారని ఒక ఛలోక్తి ఉంది. ఈ అమ్మాయి అరమాత్రతో సరిపెట్టలేదు, వాక్యాల్లోంచి కర్తల్నే ఎత్తేసింది. ఏం చెయ్యాలో ఉంది, ఎవరు చెయ్యాలో లేదు. ఈ వ్యాఖ్య పొడుగునా నన్ను పీడించిన సందేహం అదొక్కటే.

ఇక సందర్భం. మా అపార్టుమెంటు సెల్లారులో జనరేటర్ వెనకాల ఒక ఊరకుక్క ఐదు పిల్లల్ని పెట్టింది. వాటికి ఎనిమిది వారాలు నిండిన ఆదివారం మా మనవరాలు ఒకదాన్ని స్కూలు బ్యాగులో పెట్టుకుని మూడో అంతస్తుకు తెచ్చింది. మీగడ రంగు ఒళ్ళు, ఒక చెవి నిలబడి ఒకటి వాలి ఉంటుంది. జున్ను అని పేరు పెట్టారు. ఏ గ్రంథానికైనా ముందు మంగళాచరణం ఉండాలి కదా. జున్ను దాన్ని హాల్లో తివాచీ నడిమధ్య చేసింది. ఆ సాయంత్రమే ఫ్రిజ్ మీద కాగితం వెలిసింది.

మూలం

ఒకటి: లేవగానే, తినగానే, ఆడగానే బయటికి.
రెండు: చేస్తే వెంటనే మెచ్చుకోవాలి.
మూడు: ఇంట్లో చేస్తే తుడవాలి. అంతే.
నాలుగు: రాత్రి ఒకసారి.

మూడుకీ నాలుగుకీ మధ్య సందులో, ఆకుపచ్చ స్కెచ్ పెన్నుతో ‘తాతయ్యా అరవొద్దు ప్లీజ్’ అని ఇంకో పంక్తి ఉంది. దాని సంగతి తర్వాత.

శాస్త్రం మొదలెట్టే ముందు అనుబంధ చతుష్టయం చెప్పడం మర్యాద. విషయం: ఒకటీ, రెండూ. ప్రయోజనం: తివాచీ. సంబంధం: తివాచీ మా వియ్యంకుల వారు పెట్టింది, కనక చాలా దగ్గరి సంబంధం. అధికారి, అంటే ఈ శాస్త్రం చదవడానికి అర్హత గలవాడు: మోకాళ్ళు వంగేవాడు. ఈ లెక్కన నాకు అర్హత లేదు. అయినా చదివాను.

మొదటి సూత్రం

లేవగానే = నిద్ర మేలుకొన్న తక్షణమే; తినగానే = గిన్నె నాకడం ముగిసిన వెంటనే; ఆడగానే = మా మనవరాలి సాక్సు పీకడం మానిన మరుక్షణమే; బయటికి = గడప ఆవలికి. ‘తీసుకొని పోవలెను’ అని అధ్యాహారం చేసుకోవాలి. 

ఇక్కడ వ్యాకరణం కొంచెం ఓపిగ్గా చూడాలి. ‘లేచి, తిని, ఆడి బయటికి’ అని రాసి ఉంటే అవి క్త్వార్థకాలయ్యేవి. క్త్వార్థకానికీ తర్వాతి క్రియకీ కర్త ఒకటే ఉండాలని చిన్నయసూరి చదివిన ప్రతివాడికీ తెలుసు. అప్పుడు లేచేదీ జున్నే, బయటికి వెళ్ళేదీ జున్నే, మనం పేపరు చదువుకోవచ్చు. మూలకర్త్రి తెలివిగా ‘లేవగానే’ అంది. దీనికి ఆ నియమం లేదు. లేచేది ఒకరు, పరిగెత్తేది ఇంకొకరు కావచ్చు. నాలుగు రోజులు పోయాక గాని ఈ ప్రత్యయంలో ఉన్న కుట్ర నాకు తెలియలేదు.

‘నే’ అన్న ఒక్క అక్షరం మీద ఎంత చెప్పినా తక్కువే. పాలు పొంగగానే స్టవ్ కట్టెయ్యాలి అంటే, చదువుతున్న వార్త పూర్తి చేసి కట్టెయ్యమని కాదు కదా. కడుపులో తిండి పడగానే పెద్దపేగుకు కబురు వెళ్తుంది, పాతది ఖాళీ చెయ్యమని. పసిపిల్లల తల్లులకు ఇది తెలిసిన విషయమే. కుక్కపిల్లలో ఐదు నిమిషాల నుంచి అరగంట లోపు ఆ కబురు అమలైపోతుంది. ఇక మూత్రాశయం సంగతి: వయసు ఎన్ని నెలలో దానికి ఒకటి కలిపితే, అది ఆగగలిగిన గంటలు దాదాపుగా వస్తాయని ఒక వాడుక లెక్క. రెండు నెలల దానికి మూడు గంటలన్నమాట. ఆ మూడూ నిశ్చింతగా పడుకుంటేనే. ఆట మధ్యలో అయితే అరగంట కూడా గ్యారంటీ లేదు. జున్ను రోజుకి నాలుగుసార్లు తింటుంది, ఏడెనిమిదిసార్లు నిద్రలేస్తుంది, మిగతా వేళంతా ఆడుతుంది. మూడు ‘గానే’లనూ కలిపి ఒకరోజు గోడ క్యాలెండర్ మీద గీతలు పెట్టాను. పద్నాలుగు వచ్చాయి. పద్నాలుగుసార్లు లిఫ్టు.

‘బయటికి’ అన్నది లక్షణ. గంగలో పల్లె అంటే గంగ ఒడ్డున పల్లె అని అర్థం చేసుకున్నట్టే, ఇక్కడ బయట అంటే వీధి కాదు. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలైన టీకాలు దాదాపు పదహారో వారానికి గాని పూర్తికావు. ఈలోగా వీధికుక్కలు తిరిగిన మట్టిలో దించవద్దని పశువుల డాక్టరు గట్టిగా చెప్పాడు. పార్వో అనే వైరస్ మట్టిలో నెలల తరబడి బతికి ఉంటుందట. అది సోకితే నెత్తురు విరేచనాలతో పిల్ల రెండు మూడు రోజుల్లో పోవచ్చు. అంచేత మేడ మీద నీళ్ళ ట్యాంకు పక్కన ఒక వెడల్పాటి ప్లాస్టిక్ తొట్టి పెట్టి, నర్సరీ నుంచి బస్తా మట్టి, రెండు పలకల గడ్డి తెచ్చి పరిచాం. ఈ వయసులో పాదాలకు ఏ నేల అలవాటైతే జన్మంతా ఆ నేలే వెతుకుతుంది. పాత పేపర్లు పరిచి అలవాటు చేసిన ఇళ్ళలో ఐదేళ్ళ కుక్క కూడా ఆదివారం అనుబంధం మీద గురి పెడుతుంది.

మేడ మీదికి దారి లిఫ్టు. కుక్కనీ, యువకుణ్ణీ, ఇంద్రుణ్ణీ పాణిని ఒకే సూత్రంలో కట్టేశాడని పండితులు తరతరాలుగా నవ్వుకుంటారు. ఆ మూడు శబ్దాలకూ రూపసిద్ధి ఒకలాగే ఉంటుంది, అంతకు మించి ఆయన ఉద్దేశం ఏమీ లేదు. మా లిఫ్టులో రోజూ ఉదయం ఏడింటికి ఆ సూత్రం ప్రత్యక్షం: జున్ను, ఐదో అంతస్తు కాలేజీ కుర్రాడు, అసోసియేషన్ అధ్యక్షుల వారు. మూడో రోజున ‘పెంపుడు జంతువులకు లిఫ్టు ప్రవేశం లేదు’ అని కాగితం అంటించారు. పెంపుడు కుక్కలకు లిఫ్టు వద్దనే అధికారం అసోసియేషన్లకు లేదని జంతు సంక్షేమ మండలి 2015లోనే మార్గదర్శకాలు ఇచ్చిందని మా కోడలు వాట్సాప్‌లో పెట్టింది. మర్నాటికి పాఠాంతరం వెలువడింది: ‘ఎత్తుకుని తీసుకెళ్ళవలెను’. ఈ సవరణ చాలా మంచిది. ఎత్తుకున్న పిల్ల పొయ్యదు, దింపితేనే పోస్తుంది. అధ్యక్షుల వారికి తెలియకుండానే శాస్త్రానికి ఒక వార్తికం చేర్చారు.

ఈ సూత్రం గాడి తప్పినప్పుడు పుట్టేవి మూడలంకారాలు. వంటింట్లో నీళ్ళు తాగి దేవుడి గది గుమ్మంలో ఫలితం చూపిస్తే అసంగతి: కారణం ఒకచోట, కార్యం ఇంకొకచోట. గిన్నెడు పెరుగన్నం తిని, నీళ్ళు తాగి, తొట్టి చుట్టూ నలభై నిమిషాలు తిరిగి, ఆరేసిన పంచె కొస నమిలి, పిట్టను చూసి మొరిగి, అసలు పని మాత్రం చెయ్యకపోతే విశేషోక్తి: కారణాలన్నీ ఉన్నా కార్యం పుట్టకపోవడం. ఏమీ తాగలేదు, తినలేదు, ఇప్పుడే మేడ దిగి వచ్చింది, అయినా సోఫా పక్కన మడుగు కనిపిస్తే విభావన: కారణం లేకుండానే కార్యం. పండిత శిక్షణ రోజుల్లో ఈ మూడింటి లక్షణాలూ బట్టీ పట్టాను గాని పరీక్షలో ఎప్పుడూ ఒకదానికి ఇంకొకటి రాసేవాణ్ణి. ఇప్పుడు పొరపడను. పాదానికి తడి తగలగానే ఏ అలంకారమో తెలిసిపోతుంది.

రెండో సూత్రం

చేస్తే వెంటనే మెచ్చుకోవాలి. చేస్తే = తొట్టిలో చేసిన పక్షాన; వెంటనే = వెంట + అనే అని విడగొట్టకూడదు, తక్షణమే అని అర్థం; మెచ్చుకోవాలి = నోటితోనూ, జేబుతోనూ.

పదాలు వాక్యం కావాలంటే మూడు కావాలన్నారు శాస్త్రజ్ఞులు: ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి. ‘ఆవును’ అని ఇప్పుడు అని, ‘తోలుకురా’ అని గంట తర్వాత అంటే, ఆ రెండూ కలిసి వాక్యం కాదు. మాటల మధ్య దగ్గరితనం లేదు. దానికే సన్నిధి అని పేరు. కుక్కపిల్లకు నేర్పడమంతా ఈ ఒక్క మాటలో ఉంది. అది చేసిన పని కర్మ, మన మెప్పు క్రియ. రెండింటికీ మధ్య ఒకటి రెండు సెకన్లు మించితే వాక్యం తెగిపోతుంది. మేడ మీద పని చక్కబెట్టుకున్న పిల్లకు ఇంట్లోకి వచ్చాక ఫ్రిజ్ తెరిచి ముక్క పెడితే, ఫ్రిజ్ దగ్గరికి వచ్చినందుకు పెట్టారనుకుంటుంది. మా అబ్బాయి ఇలాగే మూడు రోజులు ఫ్రిజ్‌ను సన్నిధి చేశాడు. జున్ను ఇప్పటికీ ఫ్రిజ్ ముందు చాలా వినయంగా కూర్చుంటుంది.

అందుకని ముక్కలు జేబులోనే ఉండాలి. ఉడికించిన క్యారెట్ ముక్కలు, శనగగింజ పాటివి. మా ఆవిడ మొదట దేవుడికి పెట్టిన కిస్‌మిస్ ఇవ్వబోయింది. కిస్‌మిస్, ద్రాక్ష కుక్కలకు విషమని, మూత్రపిండాలు దెబ్బతింటాయని డాక్టరు చెప్పాక ఆ డబ్బా పై అరకు ఎక్కింది. నా లాల్చీ జేబులన్నీ ఇప్పుడు కాషాయం రంగు తేలాయి.

ఇక్కడ వ్యాఖ్యాత తన అపరాధం ఒకటి చెప్పుకోవాలి. మెచ్చుకోవడం నాకు రాదు. త్రైమాసిక పరీక్షల ముందు ఏ పిల్లాణ్ణీ మెచ్చుకున్న గుర్తు లేదు. మెచ్చుకుంటే చెడిపోతారని మా కాలపు నమ్మకం. మనవరాలు దగ్గరుండి నేర్పించింది: ‘తాతయ్యా, గొంతు ఇంకా సన్నగా పెట్టు’. తొలిసారి తొట్టిలో మొదటి చినుకు పడగానే ఉత్సాహం ఆపుకోలేక ‘శభాష్!’ అన్నాను. అది పని సగంలో ఆపేసి, తోక ఊపుకుంటూ నా దగ్గరికి పరిగెత్తుకొచ్చి ముక్క పుచ్చుకుంది. మిగతా సగం లిఫ్టులో పూర్తిచేసింది. కాబట్టి ‘చేస్తే’ అన్నదాన్ని ‘చేయడం ముగిస్తే’ అని చదువుకోవాలి. 

పని జరుగుతున్నంతసేపూ ఒకే మాట మెల్లగా అనాలని కూడా సంప్రదాయం. కొన్నాళ్ళకు ఆ మాటే పనిని పిలుస్తుంది. జీర్ణక్రియ మీద పరిశోధనకు 1904లో నోబెల్ అందుకున్న పావ్లోవ్ తన కుక్కల దగ్గర గమనించిన సంగతిలో ఇదొక శాఖ. ఆయనకు లాలాజలం, మాకు ఇంకోటి. ఏ మాట అనాలన్నదాని మీద ఇంట్లో చర్చ నడిచింది. ఇంగ్లిషు మాటలు మా అబ్బాయి చాలా చెప్పాడు. నేను ‘ఒకటి’ అన్నాను. తెలుగు బడిలో చదివినవాళ్ళెవరికీ ఆ సంఖ్యకు వేరే నిఘంటువు అక్కర్లేదు. ‘ఒకటికి సార్’ అని చిటికెనవేలు చూపిస్తే అర్థం ఒకటే, రెండు వేళ్ళు చూపిస్తే రెండో అర్థం. ఇంత శుభ్రమైన సంకేతం ఏ భాషలో ఉందో నాకు తెలియదు. నా మాటే నెగ్గింది. రోజుకి పద్నాలుగుసార్లు నీళ్ళ ట్యాంకు పక్కన నిలబడి, అంకెలు నేర్పుతున్నట్టు, ‘ఒకటి... ఒకటి...’ అంటూ ఉంటాను. పక్క మేడ మీద బట్టలారేసే ఆవిడ మొదట్లో కంగారు పడింది.

మూడో సూత్రం

ఇంట్లో చేస్తే తుడవాలి. అంతే.

ఈ సూత్రానికి అందరూ ‘తుడవాలి’ దగ్గర అర్థం చెప్పి వదిలేస్తున్నారు. మూలకర్త్రి హృదయం ‘అంతే’లో ఉంది. ‘అంత’ మీద ‘ఏ’ చేరింది. ఈ ఏకారం నిశ్చయార్థకం, దానికి మించినదాన్ని కొట్టేస్తుంది. తుడవాలి, తిట్టకూడదు. తుడవాలి, కొట్టకూడదు. తుడవాలి, పైవాళ్ళకీ కిందివాళ్ళకీ వినపడేలా కోడలి వైపు చూస్తూ నిట్టూర్చకూడదు. చివరిది మా ఆవిడకు.

పూర్వపక్షం రెండు విధాలు. మొదటిది వాచ్‌మన్‌ది: చేసినచోటికి లాక్కెళ్ళి ముక్కు అందులో రాస్తే బుద్ధొస్తుందని. ఈ మతానికి అనుయాయులు దేశమంతటా ఉన్నారు, ఇరవై ఏళ్ళు కుక్కల్ని పెంచినవాళ్ళు కూడా. దీనికి సమాధానం సన్నిధిలోనే చెప్పేశాను. అరగంట కిందటి మడుగుకీ ఇప్పటి దెబ్బకీ మధ్య వాక్యం లేదు. పిల్లకు తెలిసేది ఒక్కటే: ఈ ముసలాయన అప్పుడప్పుడు కారణం లేకుండా రాక్షసుడవుతాడు. తప్పు చేసినట్టు తల దించుకుని, చెవులు వాల్చి చూస్తుంది కదా అంటారు. అది పశ్చాత్తాపం కాదు, మన మొహం చూసి పుట్టిన భయం.

భారతం చదివినవాడు ఈ తప్పు చెయ్యకూడదు. ఆదిపర్వం మొదట్లోనే జనమేజయుడు యాగం చేస్తున్న చోటికి సరమ అనే దేవతల కుక్క కొడుకు ఆడుకోవడానికి వచ్చాడు. ఆ పిల్ల హవిస్సు ముట్టలేదు, పాడు చెయ్యలేదు. రాజుగారి తమ్ములు ఊరికే కొట్టారు. వాడు ఏడ్చుకుంటూ వెళ్ళి తల్లికి చెప్పాడు. సరమ సభకు వచ్చి నిలదీసి, మీకు కారణం కనపడని భయాలు వస్తాయని శపించింది. ఆ శాపానికి శాంతి చేయించడానికి రాజు పురోహితుణ్ణి వెతుక్కుంటూ పోవలసి వచ్చింది. అంత పెద్ద భారతానికి గుమ్మంలోనే ఒక కుక్కపిల్ల దెబ్బలు తిని ఏడుస్తూ నిలబడి ఉంటుంది. నేనది ఎన్ని తరగతులకు చెప్పానో లెక్కలేదు.

చెప్పినవాణ్ణే రెండో వారంలో అరిచాను. ఉతికి మడతపెట్టిన నా పంచె మీద పోసింది. ‘ఛీ! ఏమిటిది!’ అని క్లాసు గొంతుతో అరిచేసరికి జున్ను నేలకు కరుచుకుపోయి, వెల్లకిలా తిరిగి, అక్కడికక్కడే మళ్ళీ పోసింది. ఇంకా మొండితనం అనుకున్నాను. కాదట. పెద్దవాళ్ళ కోపం ముందు ‘నేను చిన్నదాన్ని, కొట్టకు’ అని కుక్కజాతి పెట్టుకునే దరఖాస్తు అది. దానికి ఇంటి శిక్షణతో సంబంధమే లేదు, అరిస్తే ఎక్కువవుతుంది. మర్నాటి నుంచి అది నా ఎదురుగా చెయ్యడం మానేసి సోఫా వెనక్కి వెళ్ళి చెయ్యడం మొదలెట్టింది. ఇంట్లో చెయ్యకూడదని నేర్పానని నేననుకున్నాను. తాతయ్య చూస్తుండగా చెయ్యకూడదని అది నేర్చుకుంది. మేడ మీద కూడా నేను పక్కనుంటే బిగబట్టుకునేది.

ఏడో తరగతి, మధ్యాహ్నం రెండో పీరియడు. ఉత్వసంధి చెప్తున్నాను. మూడో బెంచీలో పిల్లాడు చిటికెనవేలు చూపించాడు. ‘కూర్చో, బెల్లయ్యాక పోదువుగాని’ అన్నాను. కాసేపటికి మళ్ళీ చూపించాడు. చూడనట్టు బోర్డు వైపు తిరిగాను. తర్వాత క్లాసంతా గొల్లున నవ్వింది. నవ్వినవాళ్ళని బెత్తంతో కొట్టాను, అదేదో న్యాయం చేశాననుకున్నాను. ఆ పిల్లాడు నా పీరియడున్న రోజుల్లో అన్నంలోకి కూడా నీళ్ళు తాగడం లేదని ఆ తర్వాతెప్పుడో వాళ్ళమ్మ వచ్చి చెప్పింది. జున్ను సోఫా వెనక్కి వెళ్ళిన రోజున ఆవిడ మాట గుర్తొచ్చింది. మాపు తెచ్చి తుడిచాను.

తుడవడంలో విశేషాంశాలు. ఫినాయిల్ వాడకూడదు. ఆ వాసన మన ముక్కుకి మాత్రమే తెర. మన ముక్కులో వాసన గ్రహించే కణాలు అరకోటి పైచిలుకు ఉంటే కుక్కకు ఇరవై కోట్లు దాటి ఉంటాయి. ఫినాయిల్ కింద నిన్నటి సంతకం దానికి స్పష్టంగా కనిపిస్తూనే ఉంటుంది, సంతకం ఉన్నచోటే మళ్ళీ పెడుతుంది. పైగా ఆ తడి నాకితే పిల్లకు చేటు. అమ్మోనియా కలిసిన క్లీనర్లు ఇంకా అన్యాయం, వాటి వాసనే మూత్రం వాసనకు చుట్టం. ముందు పాత గుడ్డతో అద్ది పీల్చెయ్యాలి, రుద్దకూడదు. తర్వాత ఎంజైములున్న ద్రావకం, అది లేనిరోజు సగం నీళ్ళు కలిపిన వెనిగర్. తివాచీని చుట్టి అటక మీద పెట్టేశాం. బురద కడుక్కోవడం కంటే తొక్కకపోవడం మేలని పంకప్రక్షాళన న్యాయం.

రెండో పూర్వపక్షం మా ఆవిడది. ఇది బలమైనది. ‘మా ఊళ్ళో కుక్కలకి ఎవరు నేర్పారండీ? అవి ఎప్పుడైనా అరుగు పాడుచేశాయా?’ అంది. రెండు రోజులు సమాధానం దొరకలేదు. కళ్ళు తెరవని పిల్లకు తనంతట తాను పోసుకోవడం రాదు. తల్లి నాకితే వస్తుంది, వచ్చినదాన్ని తల్లే శుభ్రం చేస్తుంది. మూడో వారం దాటి కాళ్ళు నిలిచాక, పడుకునే చోటు వదిలి నాలుగడుగులు అవతలికి పోయి చేసుకోవడం మొదలుపెడుతుంది. అంటే మా కోడలి కంటే ముందే సెల్లారులో తల్లికుక్క ఈ సూత్రాలు చెప్పేసింది: తాను పడుకునేది ఇల్లు, అవతలది బయట. జున్ను దానికి కట్టుబడే ఉంది. దాని పరుపు మీద ఒక్కనాడూ చెయ్యలేదు. దాని లెక్కలో ఆ రెండడుగుల పరుపే ఇల్లు. హాలూ, వంటిల్లూ, దేవుడి గదీ పొలిమేర. పన్నెండు వందల చదరపు అడుగులూ ఇల్లేనని, నెలనెలా బ్యాంకు కిస్తీ కట్టేది అంతటికీనని దానికెలా తెలుస్తుంది? పల్లెటూరి కుక్కకు ఈ చిక్కు లేదు, అది గడప లోపలికి రానే రాలేదు.

సంస్కృతంలో కుక్కకు ‘కౌలేయకం’ అని ఒక పేరుంది. కులం అంటే ఇల్లు, వంశం. ఆ కులశబ్దం మీద ఈ రూపం కుక్క అనే అర్థంలోనే రావాలని పాణిని ఒక సూత్రం చేశాడు. అదే సూత్రంలో కత్తికీ, మెడలో నగకీ కూడా ఇలాంటి రూపాలే చెప్పాడు. ఇంటిది అన్న పేరు ఆయన దానికిచ్చి చాలా కాలమైంది. ఇల్లు ఎంతవరకో చూపించే పని మాకు మిగిలింది. మొదట పరుపు చుట్టూ హాలు మూల మాత్రం కంచె కట్టి, అక్కడ వారం శుభ్రంగా గడిస్తే కంచె ఇంకో నాలుగడుగులు జరుపుతున్నాం. ఇప్పటికి టీవీ దాకా ఇల్లయింది.

ఆకుపచ్చ పంక్తి

‘తాతయ్యా అరవొద్దు ప్లీజ్’ అన్నది ప్రక్షిప్తమని నా మతం. చేతిరాత వేరు, సిరా వేరు, శైలి వేరు. మూలంలో ఎక్కడా సంబోధన లేదు, ఇక్కడ ఉంది. పైగా పంచె సంఘటన తర్వాత చేరింది. అయితే మొత్తం కాగితంలో ఎవరిని ఉద్దేశించిందో స్పష్టంగా తెలిసే వాక్యం ఇదొక్కటే. తాత్పర్యం తేటతెల్లం, వ్యాఖ్య అనవసరం.

నాలుగో సూత్రం

రాత్రి ఒకసారి.

క్రియ లేదు, కర్మ లేదు, కర్త లేడు. రెండే మాటలు, రెండూ కాలాన్ని చెప్పేవి. తొమ్మిదికి నీళ్ళ గిన్నె తీసెయ్యడం, పదిన్నరకు పడుకోబోయే ముందు ఒకసారి మేడ మీదికి తీసుకెళ్ళడం ఆచారంలో ఉన్నవే. పగలు మూడు గంటలు ఆగలేనిది రాత్రి నిద్రలో నాలుగైదు గంటలు ఆగుతుంది, ఆపైన ఆగదు. కనక రెండున్నర ప్రాంతంలో ఎవరో ఒకరు లేవాలి. లైటు వెయ్యకూడదు, ముద్దు చెయ్యకూడదు, ఆడించకూడదు. అది ఆటవేళ అనుకుంటే తెల్లవారేదాకా కొంప నిద్రపోదు.

ఎవరు లేవాలి? మా అబ్బాయి ‘తెచ్చింది పాప కదా’ అన్నాడు. పాప పడుకుంటే దండోరా వేసినా లేవదు. మా ఆవిడ మోకాళ్ళు చూపించింది. మొదటి మూడు రాత్రులూ సూత్రం సూత్రంగానే ఉంది, తెల్లవారాక దాని ఫలితం నేల మీద ఉంది. నాలుగో రోజు నేను మూలకర్త్రినే అడిగాను. వ్యాఖ్యాతకూ మూలకర్త్రికీ వంటిల్లు ఒకటే కావడంలో ఉన్న సుఖం ఇదే, మల్లినాథుడికి ఈ వీలు లేకపోయింది.

‘అమ్మాయ్, నాలుగో దాంట్లో కర్త ఎవరమ్మా?’ అన్నాను.

ల్యాప్‌టాప్ మీంచి తలెత్తకుండా, ‘మీరెలాగూ ఒకసారి లేస్తారు కదా మామయ్యగారూ’ అంది.

అప్పుడు వెలిగింది. శ్లేష. ఒకే వాక్యం ఇద్దరికీ సరిపోయేట్టు రాసింది. ఐదారేళ్ళుగా రెండున్నరకు నాకు మెలకువ వస్తుంది, చప్పుడు కాకుండా వెళ్ళి వస్తాను. దానికి డాక్టరు రాసిచ్చిన మాత్ర కళ్ళజోడు పెట్టెలో దాచుకుని వేసుకుంటాను. ఇంట్లో ఎవరికీ తెలియదనుకున్నాను. క్త్వార్థకాలకు ఏకకర్తృకత్వం కావాలన్న నియమం ఇక్కడికొచ్చి నెరవేరింది: లేచి, వెళ్ళి, పోసి, వచ్చి, పడుకొని. ఏ క్రియ ఎవరిదో విడదీయడం వ్యాఖ్యాతకు సాధ్యం కాదు.

క్రమం ఏర్పడింది. ముందు నా పని, తర్వాత జున్ను రాత్రి పడుకునే పెట్టె తలుపు తీసి దాన్ని ఎత్తుకోవడం, లిఫ్టు, మేడ. ఆ వేళప్పుడు మెట్రో కూడా ఉండదు, వంతెన మీద దీపాలు మాత్రం వరసగా వెలుగుతుంటాయి. అది తొట్టిలో దిగి, మట్టి వాసన చూసి, మూడు చుట్లు తిరిగి కూర్చుంటుంది. ‘ఒకటి’ అంటాను, నెమ్మదిగా. ముగించాక ముక్క పెడతాను. నేను పక్కనుంటే ఇప్పుడు బిగబట్టుకోవడం లేదు.

మూడు నెలలు వచ్చాయని ఈ వారం నుంచి పెట్టె తలుపు తెరిచే ఉంచుతున్నాం. నిన్న రాత్రి రెండుంబావుకే మంచం పక్కన ఏదో కదిలినట్టయింది. నాకింకా మెలకువ రాలేదు. జున్ను నిలబడి చూస్తోంది. మొరగలేదు, మూలగలేదు. దానికి చూపించడానికి చిటికెనవేలు లేదు కనక ముందుకాలు ఎత్తి నా దుప్పటి మీద పెట్టింది. నాది తర్వాత చూసుకోవచ్చులెమ్మని దాన్ని ఎత్తుకుని లిఫ్టు బటన్ నొక్కాను.